వయోబంధ సూత్రం: టీకా, తాత్పర్యం

మూలం: ‘ఎంత వయసో అంత శాతం సొమ్ము స్థిరాదాయంలో ఉంచవలెను, శేషం షేర్లలో.’

వాన్‌గార్డ్ సంస్థాపకుడు జాన్ బోగల్ ఈ సూత్రానికి ప్రచారం తెచ్చాడు. ఆయన దీన్ని మోటు కొలతగానే చెప్పాడు. ప్రశిష్యులు శ్రుతిని చేశారు.

పాఠాంతరం: షేర్ల వాటాకు ‘100లోంచి వయసు తీసివేయి’ అని ఒక పాఠం. ఆయుర్దాయం పెరిగేకొద్దీ లేఖకులు ఆ నూరును 110 అనీ, 120 అనీ దిద్దుకొచ్చారు. నలభై ఏళ్లవాడి స్థిరాదాయం మొదటి పాఠంలో 40 శాతం, చివరి పాఠంలో 20. ఒక్క అంకె దిద్దితే సగం భద్రత హరించిపోయే గ్రంథం ఇది.

ప్రతిపదార్థం: ఎంత, అంత, శాతం: సుగమం. స్థిరాదాయం: ఫిక్స్‌డ్ డిపాజిట్లు, పీపీఎఫ్, ప్రభుత్వ బాండ్లు. వయసు: ఇక్కడ విశేషం ఉంది.

వ్యుత్పత్తి: వడ్డీ, వృద్ధుడు తోబుట్టువులు. వృధ్ ధాతువు నుంచి ‘వృద్ధి’ పుట్టి, ప్రాకృతంలో ‘వడ్ఢి’ అయి, తెలుగులో వడ్డిగా స్థిరపడింది. అదే ధాతువుకు క్త ప్రత్యయం చేరితే వృద్ధుడు. కనుక ముసలితనానికీ వడ్డీకీ ముడిపెట్టినవారు తెలియకుండానే వ్యాకరణ సమ్మతులయ్యారు. పాణిని తొలి సూత్రమూ వృద్ధి గురించే. కాకపోతే అక్కడ పెరిగేవి అచ్చులు. కౌటిల్యుడు ధర్మ్యమైన వడ్డీ నెలకు నూటికి ఒకటింబావు పణమన్నాడు, అంటే ఏటా 15 శాతం. అడవిదారి వర్తకులకు పది పణాలు, సముద్ర వర్తకులకు ఇరవై. గండం పెరిగితే వడ్డీ పెరగాలన్న సంగతి ఆయనకు బాండ్ల మార్కెట్టు లేకుండానే తెలుసు. నెల లెక్క తెలుగు పల్లెల్లో ఇంకా చెలామణీలో ఉంది: ‘రెండు రూపాయల వడ్డీ’ అంటే ఏటా 24 శాతం. ఆ భాషలో 7 శాతం డిపాజిట్ యాభై ఎనిమిది పైసల వడ్డీ. 30 శాతం శ్లాబులో పన్ను, సెస్సు పోగా నలభై పైసలు. ఆ రేటుకు అప్పిచ్చేవాణ్ణి పల్లెలో అమాయకుడంటారు, పట్నంలో జాగ్రత్తపరుడంటారు.

శంక: వయసొక్కటే చాలునా?

సమాధానం: చాలుననే సలహాదారుల మతం. అందుకే ముందుగా పుట్టినతేదీ అడిగి, తరవాత ఏమీ అడగరు. విశ్రాంత ఉపాధ్యాయురాలికి కరవుభత్యంతో నెలనెలా వచ్చే పెన్షన్ జీవితాంతపు బాండు కాదా? దాన్ని వదిలేసి, 62 ఏళ్లున్నాయి గనుక 62 శాతం డిపాజిట్ చేయమనడం ఏమి లెక్క! ముప్పై అయిదేళ్ల ఉద్యోగి ప్రావిడెంట్ ఫండ్‌కు 2023-24లో 8.25 శాతం వడ్డీ వచ్చింది. అదీ లెక్కకు రాదు. ఇంటి అప్పు తలకిందులైన బాండు. ఎనిమిదిన్నర శాతానికి వాయిదాలు కడుతూ ఏడు శాతానికి డిపాజిట్ చేయించే శాస్త్రం ఏ వ్యాకరణానికీ లొంగదు. ఇక రెండేళ్లలో చెల్లెలి పెళ్లి చేయవలసిన ఇరవై ఎనిమిదేళ్లవాడికి 72 శాతం షేర్లు విధించారు. 2020లో జనవరి నుంచి మార్చిలోగా సెన్సెక్స్ మూడో వంతుకు పైగా పడింది. ముహూర్తం మార్కెట్టు కోసం ఆగదు.

తాత్పర్యం: ఆర్నెల్ల ఇంటిఖర్చు, అయిదేళ్లలోపు కావలసిన సొమ్ము స్థిరాదాయంలో ఉండాలి. పెన్షన్, పీఎఫ్‌లను ముందే ఆ పద్దులో రాసి, అప్పును తీసివేయాలి. మిగిలినదాంట్లో, సగం పడినా నిద్రపట్టేంత మేరకే షేర్లు. పెట్టుబడి గ్రంథకర్త బెంజమిన్ గ్రాహం, బాండ్ల వాటా 25 శాతానికి తగ్గకూడదు, 75 దాటకూడదు అన్నాడు. ఆ మధ్యలో ఎటు మొగ్గాలన్నది ఆయన మార్కెట్టు ధరలకు వదిలాడు, జాతకానికి కాదు.