లింకు పంపాం, ఆశీర్వదించండి

పెళ్లికి పిలవలేదని అలిగే హక్కు మా మెట్ట ప్రాంతంలో ఇప్పుడెవరికీ లేదు. అందరికీ లింకు వస్తోంది. కామవరపుకోటలో పక్కవీధి మేనత్తకి, డాలస్‌లో బాబాయి కొడుక్కి, ఎప్పుడో తాడేపల్లిగూడెం మార్కెట్లో ఉల్లిపాయలు కొన్న కమీషన్ కొట్టు ఆయనకి కూడా అదే లింకు. కింద రెండు చేతులు జోడించిన బొమ్మ.

వెనకటికి ఇద్దరు ముత్తయిదువలు కుంకుమ భరిణె పట్టుకుని ఎండలో ఇంటింటికీ తిరిగి బొట్టు పెట్టి పిలిచేవారు. ఒక గడప మరిచిపోతే ఆ ఇంటితో ఏళ్ల తరబడి మాటలుండేవి కావు. ఇప్పుడా శ్రమ లేదు. ఫార్వర్డ్ నొక్కితే ఊరందరికీ బొట్టు పెట్టినట్టే.

2020లో కరోనా వేళ పెళ్లికి 50 మందికి మించకూడదని కేంద్రం చెప్పింది కాబట్టి లైవ్ పెట్టారు. అప్పుడది అవసరం. నిబంధన పోయింది. లైవ్ మాత్రం వీడియో ప్యాకేజీలో డ్రోన్ పక్కన చేరి తిష్ఠ వేసింది.

చిత్రంగా ఆ 50 అంకె మనల్ని వదల్లేదు. ఫోన్లోంచి యూట్యూబ్ లైవ్ ఇవ్వాలంటే ఛానెల్‌కి కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లుండాలి. మొదటిసారి లైవ్ ఆన్ చేసుకోవాలంటే 24 గంటలు పట్టొచ్చు. ఈ సంగతి పెళ్లికొడుకు తమ్ముడికి స్నాతకం వేళ తెలుస్తుంది. ఇక “బాబాయ్, ఒక్క సబ్‌స్క్రైబ్ కొట్టండి బాబాయ్” అంటూ బంతిలో విస్తళ్ల మధ్య తిరుగుతాడు. బూరెలు మారు వడ్డించే నాథుడుండడు.

ముహూర్తం తెల్లవారుజామున రెండున్నర అనుకోండి. వేసవిలో డాలస్‌లో అది ముందురోజు సాయంత్రం నాలుగు. పంచాంగం అమెరికా వాళ్ల కోసమే రాశారేమో! జీలకర్రా బెల్లం పెట్టే వేళకి తెరమీద గుండ్రం తిరుగుతుంటుంది. పక్కన చాటింగు: “సౌండ్ రావట్లేదు”, “పిన్నీ కనిపించింది”, “పనసపొట్టు కూర ఉందా?” ఇంతలో ఎవరో బాక్సుల్లో సినిమా పాట పెడతారు. కాపీరైట్ పట్టుబడితే ప్రసారమే ఆగుతుంది. తాళి కట్టడం అయ్యాక మళ్లీ వస్తుంది.

సరే, దూరాన ఉన్నవాళ్ల గతి అది. ఎదురుగా ఉన్నవాళ్లు చూశారా అంటే, వాళ్లకి కనిపించేది కెమెరా వాళ్ల వీపులు. కైకలూరు నుంచి రాత్రికి రాత్రి బస్సులో వచ్చిన మగపెళ్లివారు కూడా గోడకున్న ఎల్‌ఈడీ తెరలోనే పెళ్లి చూడాలి. అక్షింతలు విసిరితే వధూవరుల దాకా పోవు. డ్రోన్ కుర్రాడి నెత్తిమీద పడతాయి. ఆ లెక్కన మా మండలంలో అందరికన్నా దీర్ఘాయుష్మంతుడు అతనే.

నవ్వులాట కానిది ఒకటుంది. చాలా లింకులు పెళ్లివారివి కావు, స్టూడియో ఛానెల్‌వి. అందుకే ‘పబ్లిక్’లో పెడతారు, వీక్షకులు పెరగాలిగా! ఇంటిల్లిపాదీ కల్యాణమండపంలో ఉన్నారని, ఇంటికి తాళం ఉందని, అమ్మాయి మెడలో కాసులపేరు ఎంత పొడుగుందో ముల్లోకాలకీ చాటడం అన్నమాట. ‘అన్‌లిస్టెడ్’ అనే మీట పక్కనే ఉంది. అది నొక్కితే లింకున్నవాళ్లే చూస్తారు. దాన్ని నొక్కినవాళ్లు నాకు తగల్లేదు. పైగా పెళ్లి కార్డు పేరుతో ఏపీకే ఫైళ్లు పంపి ఫోన్లు దోచే ముఠాలున్నాయని పోలీసులు హెచ్చరిస్తూనే ఉన్నారు. మనం మాత్రం ‘శుభలేఖ’ అని కనబడితే చాలు, కళ్లకద్దుకుని నొక్కేస్తాం.

కాబట్టి పెళ్లివారికి మనవి. సముద్రాల అవతల ఉన్నవాళ్లకి లింకు ఇవ్వండి, వద్దనను. జంగారెడ్డిగూడెం లోపు వాళ్లని మాత్రం ఇంటికొచ్చి పిలవండి. తాళి కట్టే ఆ రెండు నిమిషాలూ కెమెరా వాళ్లని కింద కూర్చోమనండి. అక్షింతలు పట్టుకుని మేం వెనకాలే ఉన్నాం.