ఆఫీసు తాళం దాకా వచ్చిన ఇంటర్నెట్

మీ ఊళ్లో ఇంటర్నెట్ లేదని ఎవరన్నారు? ఢిల్లీ లెక్కల్లో ఎప్పుడో వచ్చేసింది. దేశంలో రెండు లక్షల పైచిలుకు పంచాయతీలు ‘సర్వీస్ రెడీ’ అని సాక్షాత్తూ పార్లమెంటుకు చెప్పారు. అంటే ఓ తీగ భూమిలోంచి పైకొచ్చి, పంచాయతీ ఆఫీసు గోడకున్న పెట్టెలో దూరిందన్నమాట. పెట్టెకో తాళం, ఆఫీసుకో తాళం. మొదటి తాళంచెవి పెట్టె బిగించి వెళ్లిపోయిన వాళ్ల దగ్గర, రెండోది కార్యదర్శి దగ్గర, కార్యదర్శి మండలంలో మీటింగు దగ్గర. మీ ఇంటికీ ఆ గోడకీ మధ్య దూరం మహా అయితే రెండు ఫర్లాంగులు. ఢిల్లీ నుంచి గోడ దాకా తీగ లాగడానికి శాఖలున్నాయి, సంస్థలున్నాయి, గుత్తేదార్లున్నారు. ఆ రెండు ఫర్లాంగులకే ఎవరూ లేరు.

ఈ తీగ పుట్టుక 2011 అక్టోబరులో. జాతీయ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్ అని పేరు పెట్టి, రెండున్నర లక్షల పంచాయతీలు, సుమారు 20,000 కోట్లు, రెండేళ్లు అన్నారు. రెండేళ్లూ గడిచాయి. పని కాలేదు గానీ 2015లో పేరు మాత్రం భారత్‌నెట్ అయింది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని మనవాళ్లు ఊరికే అన్నారా? ఈ సోమలింగానికి బారసాల రెండోసారి కూడా జరిగింది.

2020 ఆగస్టు 15న ప్రధాని ఎర్రకోట మీంచి ఆరు లక్షల ఊళ్లకూ వెయ్యి రోజుల్లో ఫైబర్ అన్నారు. వెయ్యి రోజులూ 2023 మే 12తో నిండాయి. ఆ రోజు ఎవరూ ఏ కోటా ఎక్కలేదు. ఆగస్టులో మాత్రం కేంద్ర మంత్రివర్గం 1.39 లక్షల కోట్లతో ‘సవరించిన భారత్‌నెట్’కు ఆమోదం తెలిపింది. అందులో ఒక ముచ్చటైన షరతుంది. పంచాయతీ కేంద్రాలు కాని 3.8 లక్షల ఊళ్లకు ‘అడిగితే’ ఫైబర్ ఇస్తారట. అంతకు మూడేళ్ల ముందు అడక్కుండానే ఇస్తామన్నదే ఇది. సరే, శివారు గ్రామాలకీ తండాలకీ గూడేలకీ అడగడం కొత్తేం కాదు. రోడ్డు అడిగిన కాగితాలున్నాయి, తాగునీళ్లు అడిగిన కాగితాలున్నాయి. ఆ దొంతర మీదే ఇంకోటి పెడితే సరి.

డబ్బుల్లేక ఆగిందనుకుంటే పొరపాటు. 2002 నుంచి టెలికాం కంపెనీల సవరించిన స్థూల ఆదాయంలో 5 శాతం పల్లెల పేరు చెప్పి ఒక నిధికి పోతోంది. ఆ ఆదాయం మన రీఛార్జిలే. అంటే సిగ్నల్ కోసం డాబా ఎక్కిన మనిషి, తన ఇంటికి రాని తీగకు చందా కట్టి మరీ ఎక్కుతున్నాడు. ఆ నిధికీ 2024లో పేరు మారింది: డిజిటల్ భారత్ నిధి. పేర్లు మార్చే శాఖకు మాత్రం నెట్‌వర్క్ ఎక్కడా ఆగినట్టు లేదు.

మన రెండు రాష్ట్రాలూ తెలివిలో తీసిపోయినవి కావు. ఒకటి తీగను గాల్లో వేలాడదీసింది, రెండోది నీళ్ల పక్కన పాతిపెట్టింది. ఆంధ్రాలో భూమి తవ్వే ఖర్చెందుకని, ఉన్న కరెంటు స్తంభాలకే ఫైబర్ కట్టారు. మంచి ఆలోచనే, ఒప్పుకోవాలి. 2016 డిసెంబరులో కోనసీమలోని మోరి గ్రామంలో ఆర్భాటంగా మొదలెట్టారు. మరుసటేడు డిసెంబరులో రాష్ట్రపతి వచ్చి ప్రారంభించారు. నెలకు 149 రూపాయలు, 15 ఎంబీపీఎస్ వేగం, ఇన్నూట యాభై టీవీ చానళ్లు, ఫోను. జనం నిజంగానే ఆశపడ్డారు. ఆ 149 నిలవలేదు. ప్రభుత్వాలు మారాయి, కేసులు పడ్డాయి, అధికారంలో ఉన్నవాళ్లు దిగిపోయినవాళ్ల మీద లెక్కలు తీశారు. టీవీ పక్కన పెట్టిన డబ్బా మాత్రం చాలా ఇళ్లలో సీరియళ్లు చూసుకోవడానికి మిగిలింది. పైగా స్తంభం పడితే తీగా పడుతుంది. 2018లో తిత్లీ తుపాను వచ్చి శ్రీకాకుళంలో స్తంభాలు వేలల్లో కూల్చినప్పుడు, కరెంటు పోయిందని చెప్పుకోడానికి ఫోనూ లేకుండా పోయింది.

తెలంగాణలో మిషన్ భగీరథ పైపులు వేసేటప్పుడే, అదే కందకంలో ఫైబర్‌కూ గొట్టం వేశారు. ఒకే గోతిలో రెండు పనులు, ఇదీ మెచ్చుకోదగ్గదే. నీళ్ల కోసం బిందె పట్టుకుని ఎదురుచూసే ఓపిక ఇంటర్నెట్‌కూ పనికొస్తుందని ముందే గ్రహించారేమో.

ఊళ్లో కేబుల్ అబ్బాయి ఉంటాడు. దేశ డిజిటల్ విప్లవం ఆఖరి మజిలీ అతని మోటారు సైకిలే. నిచ్చెన, కట్టరు, నల్ల టేపు అతని ఆస్తి. కోతులు తీగ కొరికినా, రోడ్డు వెడల్పు చేసే జేసీబీ కేబులు పీకినా, డబ్బాలో ఎర్ర లైటు వెలిగితే జనం తిట్టేది అతన్నే. జాయింటు వేసే మిషను పక్క మండలంలో ఉంది, రేపొస్తుందంటాడు. ఆ సాయంత్రానికే ‘మీ ఫిర్యాదు పరిష్కరించబడింది’ అని మెసేజి వస్తుంది. ఎర్ర లైటు వెలుగుతూనే ఉంటుంది. పరిష్కారమైంది ఫిర్యాదు మాత్రమేనని అర్థం చేసుకోవాలి.

వేగం సంగతి ఇంకా గొప్పది. మన దేశంలో 2013 దాకా 256 కేబీపీఎస్ వస్తే బ్రాడ్‌బ్యాండే. తర్వాత దాదాపు పదేళ్లు 512. 2023 జనవరిలో ధైర్యం చేసి 2 ఎంబీపీఎస్ చేశారు. 512 కేబీపీఎస్‌లో ఒక జీబీ సినిమా దిగడానికి నాలుగు గంటల పైమాటే. చూడ్డానికి పట్టే టైము కన్నా రావడానికి పట్టే టైమే ఎక్కువ. అయినా లెక్క ప్రకారం ఆ ఇల్లు బ్రాడ్‌బ్యాండ్ ఇల్లే. రోడ్డు వెయ్యలేకపోతే కాలిబాటకు జాతీయ రహదారి అని బోర్డు పెట్టొచ్చని రోడ్ల శాఖకు ఇంకా తట్టలేదు, మన అదృష్టం.

ఇదంతా ఒక ఎత్తు. ఇంటర్నెట్ ఇవ్వడం సర్కారుకు ‘వీలైతే’, వాడటం మాత్రం పల్లెజనానికి ‘తప్పనిసరి’. రేషన్ బియ్యానికి వేలిముద్ర, పింఛనుకు వేలిముద్ర, కేంద్రం ఇచ్చే రైతు సాయానికి ఈకేవైసీ, పంట నమోదుకు ఈ-క్రాప్, అంగన్‌వాడీ టీచరుకు పోషణ్ ట్రాకర్. ఇవన్నీ నడవాల్సింది ఎవరూ వెయ్యని ఆ రెండు ఫర్లాంగుల తీగ మీద. ఏజెన్సీలో డీలరు మిషను పట్టుకుని సిగ్నల్ కోసం కొండెక్కితే, వేళ్లన్నీ వెనకాలే కొండెక్కాలి. బియ్యం కింద, వేలిముద్ర పైన. మోకాళ్ల నొప్పుల ముసలమ్మకు ఆ మూటకన్నా ఆ ముద్రే బరువు.

2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనికి యాప్‌లో హాజరు తప్పనిసరి చేశారు. రోజుకు రెండుసార్లు ఫొటో తీయాలి, ఆ ఫొటో తీసిన చోటు యాప్‌లో నమోదవ్వాలి. ఫొటో ఎక్కకపోతే మస్టరు లేదు, మస్టరు లేకపోతే కూలి లేదు. మట్టి తవ్విన గొయ్యి కళ్లెదుట ఉంటుంది, తవ్విన మనిషి గొయ్యి పక్కనే ఉంటాడు. రెంటినీ నమ్మరు. తిరిగే గుండ్రం ఆగి పచ్చ టిక్కు పడితేనే నమ్ముతారు. ‘సర్వరు డౌనమ్మా, రేపు చూద్దాం’ అన్న మాట ఒక పూట తిండిని మింగేస్తుంది. ఆ మాట అన్నందుకు ఇంతవరకు ఏ సర్వరు జీతమూ కోసిన దాఖలా లేదు.

ఇప్పుడు కొత్త మందు ఆకాశం నుంచి వస్తోంది. 2025లో స్టార్‌లింక్‌కు లైసెన్సు ఇచ్చారు. నేల మీది రెండు ఫర్లాంగులు దాటలేక వందల కిలోమీటర్లు పైకెళ్లి అక్కణ్నుంచి దిగుతామంటున్నారు. దిగితే సంతోషమే, కొనగలిగిన వాళ్ల డాబా మీద దిగుతుంది. రేకుల ఇంటికి మళ్లీ ‘అడిగితే’.

కాబట్టి ఒక చిన్న సవరణ చెయ్యండి చాలు, కొత్త పథకం పేరు కూడా అక్కర్లేదు. కూలీకి పెట్టిన నియమమే గుత్తేదారుకూ, సంతకం పెట్టే ఇంజనీరుకూ పెట్టండి. వేసిన కిలోమీటర్లు మాకొద్దు. రోజుకు రెండు పూటలా, ఊరి చివరాఖరి ఇంట్లో డబ్బా పక్కన నిలబడి, ఆ ఇంటి నెట్‌తోనే ఫొటో ఎక్కించాలి. ఎక్కితే బిల్లు. ఎక్కకపోతే ఆ పూట పని చెయ్యనట్టే లెక్క. సర్వరు డౌనంటే వినేది లేదు. కోతి కొరికిందంటే కోతి వేలిముద్ర తెమ్మనండి.