రాధానగర్ సముద్రం నేను చూళ్ళేదు

నేను అద్దె స్కూటర్ని. నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు, ఏఎన్ 01తో మొదలయ్యే నంబరు. అండమాన్‌లో హేవ్‌లాక్ ద్వీపం నా ఊరు. 2018 డిసెంబరులో దానికి స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు గానీ, జెట్టీలో దిగేవాళ్ళలో సగం మంది నోట ఇంకా పాత పేరే వినిపిస్తుంది. పదేళ్ళుగా జనాన్ని సముద్రం దగ్గరికి చేర్చి, సాయంత్రానికి తిరిగి తీసుకురావడమే నా పని. అయితే వాళ్ళందరూ ఏ సముద్రం కోసం ఇంత దూరం వస్తారో, ఆ రాధానగర్ సముద్రాన్ని నేను ఇంతవరకూ చూళ్ళేదు. నన్ను ఇవతల చెట్ల వెనక నిలబెట్టి, తాళంచెవి జేబులో వేసుకుని వెళ్ళిపోతారు.

వచ్చేటప్పుడైనా చూశానా అంటే అదీ లేదు. చెన్నై నుంచి ఓడ అడుగున పోర్ట్ బ్లెయిర్‌కి, అక్కణ్ణించి సరుకుల పడవలో ఇక్కడికి వచ్చాను. ఓ పక్క సిమెంటు బస్తాలు, ఓ పక్క ఉల్లిపాయల బస్తాలు, మధ్యలో నన్ను తాళ్ళతో కట్టేశారు. సముద్రమంటే అప్పట్లో నాకు తెలిసింది ఊపూ, ఉప్పు వాసనా, అంతే.

మా ద్వీపంలో దారి తప్పడం కష్టం. జెట్టీ దగ్గర్నుంచి రోడ్డు మూడో నంబరు బజారుకి వస్తుంది. ఇక్కడ ఒడ్డులకి పేర్ల కంటే నంబర్లే వాడుక. బజారు దగ్గర రోడ్డు రెండుగా చీలుతుంది. ఒకటి తూర్పు ఒడ్డు పట్టుకుని అయిదో నంబరు మీదుగా కాలాపత్థర్‌కి పోతుంది. రెండోది అడవిలోంచి పడమటి ఒడ్డుకి, అంటే ఏడో నంబరుకి పోతుంది. ఆ ఏడో నంబరే రాధానగర్. జెట్టీ నుంచి ఇంచుమించు పన్నెండు కిలోమీటర్లు. 1950ల్లో తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థులకి ఈ ద్వీపంలో భూములిచ్చారు. ఊళ్ళ పేర్లు గోవిందనగర్, శ్యామ్‌నగర్, కృష్ణనగర్, రాధానగర్. ఇల్లూ వాకిలీ వదులుకుని కొత్త నేల మీద కాలు పెట్టినవాళ్ళు దేవుణ్ణి ఇలా రోడ్డు పొడుగునా నిలబెట్టుకున్నారు. ఆ పేర్ల మీదుగా వెళ్తుంటే నాకు ఇప్పటికీ మనసు నిండుతుంది.

2004లో టైమ్ పత్రిక రాధానగర్‌ని ఆసియాలోకెల్లా మేలైన బీచ్ అని రాసిందట. అది నేను రాకముందు మాట. దాన్ని నా వెనక సీటు మీద కూర్చున్నవాళ్ళు చెప్పుకోగా చెప్పుకోగా నాకు కంఠతా వచ్చేసింది.

పోర్ట్ బ్లెయిర్ నుంచి వేగంగా వెళ్ళే బోటులో వస్తే గంటన్నర, ప్రభుత్వ బోటైతే రెండున్నర గంటలు. బోటు ఆగగానే జెట్టీ గేటు దగ్గర ఒకటే సందడి. జీపులవాళ్ళు, ఆటోలవాళ్ళు, హోటలు పేర్లు రాసిన అట్టలు పట్టుకున్న కుర్రాళ్ళు. మా యజమాని వాళ్ళకి కాస్త ఎడంగా నిలబడతాడు. లైసెన్సు చూసి, పుస్తకంలో నంబరు రాసుకుని, హెల్మెట్ ఇచ్చి, ‘బీచ్‌లోకి దించొద్దు, ఇసుకలోకి అసలే వద్దు’ అని ప్రతి ఒక్కరికీ చెబుతాడు. బండిలో పెట్రోలు మాత్రం చుక్కలే ఉంటాయి. ఎవరిది వాళ్ళే పోయించుకోవాలి. మాకు పెట్రోలు కూడా సముద్రం దాటే రావాలి, అందుకని ఇక్కడ దాని విలువ అందరికీ తెలుసు.

2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ పని మొదలెట్టింది. అంతకుముందు ఇక్కడ ఫోన్లో దారి చూసుకోవడమంటే పెద్ద పరీక్షే. ప్రతి మలుపులోనూ నన్ను ఆపి, పోకచెట్ల కింద కూర్చున్న ముసలాయన్నో, కొట్టు ముందు ఊడ్చుకుంటున్న ఆవిణ్ణో అడిగేవారు. అడిగితే దారితో పాటు ఇంకో నాలుగు మాటలొచ్చేవి. ఈ పూట ఆటు ఎప్పుడు, పోటు ఎప్పుడు, ఏ ఒడ్డున నీళ్ళు వెనక్కి పోయి రాళ్ళు తేలతాయి, ఎక్కడ కొబ్బరి బొండాలు బాగుంటాయి. ఇప్పుడు ఫోను దారి చూపిస్తుంది, అది మంచిదే. ఆటుపోట్ల సంగతి మాత్రం అడిగేవాళ్ళు తగ్గిపోయారు.

దాని ఫలితం నేను అనుభవించాను. కాలాపత్థర్ దగ్గర రోడ్డు సముద్రం పక్కనుంచే పోతుంది, అక్కడి నీళ్ళు నాకూ కనిపిస్తాయి. ఓ మధ్యాహ్నం ఇద్దరు కుర్రాళ్ళు ఫోటో కోసం నన్ను ఒడ్డుకి దించారు. ఆటు మీద ఉన్న సముద్రం అల్లంత దూరాన నిగనిగలాడుతోంది. తడి ఇసుకలో వెనక చక్రం కూరుకుపోయింది. యాక్సిలరేటర్ తిప్పినకొద్దీ ఇంకా దిగింది. వాళ్ళు సాయానికి వెళ్ళి వచ్చేలోగా పోటు తిరిగింది. మొదట చక్రాన్ని తాకింది, తర్వాత సైలెన్సర్‌లోకి, తర్వాత ఇంజను దాకా వచ్చింది. నలుగురు కలిసి ఈడ్చుకొచ్చారు గానీ, నాలుగు రోజులు మెకానిక్ దగ్గర విప్పేసి పడున్నాను. ఆ ఉప్పు ఇప్పటికీ నా ఎముకల్లో ఉంది. ఫుట్‌బోర్డు కింద రేకు పొరలు పొరలుగా రాలుతోంది.

మా మెకానిక్ తెలుగువాడే. వాళ్ళ తాతది శ్రీకాకుళం జిల్లా బారువ దగ్గర. చేపల వేట మీద వచ్చి ఇక్కడే ఉండిపోయాడట. అండమాన్‌లో అలాంటి తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. బెంగాలీ వచ్చు, హిందీ వచ్చు, ఇంట్లో మాత్రం ‘ఏటి, ఎల్దామా’ అనే మాట్లాడతాడు. డిసెంబరులో కాకినాడ నుంచి వచ్చిన ఓ జంటకి నన్ను ఇప్పించింది అతనే.

ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. ఆవిడ చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, ఒక పక్కకి తిరిగి కూర్చుని, ఒక చెయ్యి ఆయన భుజం మీద వేసింది. “నెమ్మదిగా పోనివ్వండి, సూర్యుడెక్కడికీ పోడు” అంది. ఆయన నిజంగానే నెమ్మదిగా తోలాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. కృష్ణనగర్ దాటాక చెట్లు రోడ్డు మీదికి వంగి గొడుగు పట్టాయి, గాలి చల్లబడింది. ఎలిఫెంట్ బీచ్‌కి నడిచిపోయే కాలిబాట దగ్గర ఒక్క నిమిషం ఆపాడు. ఇక్కడ కలప లాగడానికి ఏనుగులుండేవని ఎవరో చెబితే, ఆవిడ అడవిలోకి తొంగి చూసింది.

మేం రాధానగర్ చేరేసరికి అయిదుంపావు. ఎదురుగా జనం తిరిగొస్తున్నారు. లైఫ్‌గార్డుల ఈలలు వినిపిస్తున్నాయి. ఉప్పునీటి మొసళ్ళుండే చోటు కాబట్టి, చీకటి పడితే ఎవర్నీ నీళ్ళలో ఉండనివ్వరు. సూర్యుడు అప్పటికే మునిగిపోయాడు.

“ఇదేంటండీ, మన కాకినాడలో అయిదుంపావుకి ఇంకా ఎండుంటుందిగా” అంది ఆవిడ.

మాస్టారు నా సీటు మీద చెయ్యి పెట్టుకుని కాసేపు నిలబడిపోయాడు. తర్వాత మెల్లగా అన్నాడు. “తప్పు నాదేనే. దేశం మొత్తానికి గడియారం తిప్పే రేఖ 82½ డిగ్రీలు, మన కాకినాడ దగ్గర్నుంచే పోతుంది. ఇది 93 డిగ్రీలు. పదిన్నర డిగ్రీల తేడా. డిగ్రీకి నాలుగు నిమిషాలు. ఇక్కడ సూర్యుడు నలభై రెండు నిమిషాలు ముందు నడుస్తాడు. ముప్ఫయ్యేళ్ళు పిల్లలకి చెప్పిన లెక్క.”

“పోన్లెండి. రేపు లేదా ఏంటి?” అంది ఆవిడ.

వెనక్కి వచ్చేటప్పుడు దారంతా చీకటి. నా దీపం వెలుతురు ముందున్న రోడ్డు మేరకే ఆనుతోంది, పక్కన అడవంతా కీచురాళ్ళ మోత. అలాంటి దారిలో జనం భయంతో వేగం పెంచుతారు. మాస్టారు పెంచలేదు. ఆవిడ దారి పొడుగునా ఏదో పాట సన్నగా పాడుతూనే ఉంది.

మర్నాడు మూడున్నరకే చేరుకున్నాం. చెట్టు కింద నాలుగో చోట నన్ను నిలబెట్టారు. రెండు గంటలు అలాగే నిలబడ్డాను. అవతల అలల చప్పుడు తప్ప నాకేమీ లేదు. రాధానగర్ అలలు కాలాపత్థర్ అలల్లా రాళ్ళకి తగిలి విరగవు. చాలా దూరం నుంచి పరుచుకుంటూ వచ్చి, ఒక్క నిట్టూర్పుతో ఆగుతాయి. ఆ చప్పుడు వింటే ఒడ్డు ఎంత విశాలమో తెలిసిపోతుంది.

వాళ్ళు వచ్చేసరికి ఆవిడ చీర మోకాళ్ళ దాకా తడిసి బరువెక్కింది. కుచ్చిళ్ళ చివర్లనుంచి నీళ్ళు నా ఫుట్‌బోర్డు మీద బొట్లు బొట్లుగా పడ్డాయి. మొహం వెలిగిపోతోంది. చేతిలో ఏదో గవ్వ ఉండి ఉంటుంది, గేటు దగ్గర కాపలా అతను అడ్డుపడ్డాడు. ఇక్కణ్ణించి గవ్వలూ పగడపు ముక్కలూ పట్టుకుపోవడం నేరం, విమానాశ్రయంలో కూడా సంచులు వెతుకుతారు. ఆవిడ మారుమాట్లాడలేదు. “దాని ఇల్లు అక్కడే కదా, మర్చిపోయాను” అని మళ్ళీ ఒడ్డు దాకా నడిచి వెళ్ళి పెట్టేసి వచ్చింది.

“ఎలా ఉందే?” అన్నాడు మాస్టారు, తనూ పక్కనే ఉండి చూసి కూడా.

“మన రుషికొండ లాగే ఉందండీ. కాకపోతే వెనకాల అడవి” అంది. రుషికొండకీ రాధానగర్‌కీ 2020లో ఒకేసారి, శుభ్రమైన బీచ్‌లకిచ్చే నీలి జెండా గుర్తింపు వచ్చిందని ఆయన చెబుతుంటే ఆవిడ వినడం లేదు. వెనక్కి తిరిగి చెట్ల సందుల్లోంచి చూస్తోంది. ఆ చూపు వెంట నేనూ చూద్దామనుకున్నాను. నా అద్దంలో ఆకులూ, ఆకుల మధ్య కాస్త ఎర్రటి వెలుగూ కనిపించాయి.

వాళ్ళు వెళ్ళిపోయిన రోజు సాయంత్రం మెకానిక్ నన్ను కడిగాడు. సముద్రం గాలి తగిలిన బండిని మంచినీళ్ళతో కడక్కపోతే నెల తిరక్కుండా తుప్పు పడుతుందని అతని నమ్మకం, నా అనుభవమూ అదే. రబ్బరు మ్యాటు ఎత్తాడు. కింద చారెడు ఇసుక పేరుకుని ఉంది, పిండిలా మెత్తగా, తెల్లగా. కాలాపత్థర్ ఇసుక అంత సన్నగా ఉండదు. మెకానిక్ దాన్ని వేలితో రాసి చూసి, “ఏడో నంబరుది” అన్నాడు. మగ్గు వంచాడు. ఇసుక నీళ్ళతో పాటు జారి, షెడ్డు ముందు మట్టిలో తెల్లటి గీతలా కాసేపు నిలిచింది.

పొద్దున్నే ఏడు గంటల బోటుకి ఎవరో వస్తున్నారని యజమాని కేకేశాడు.