బీరువా అరలోంచి మాట్లాడుతున్నాను

నన్ను అమ్మిన కంపెనీ పేరు చెప్పను. అది ఫోన్ల వ్యాపారం మానుకుని చాలాకాలమైంది. చైనాలో తయారైన బోర్డు, మీడియాటెక్ ఎంటీ6737 చిప్, ఆండ్రాయిడ్ 7.0, 8 జీబీ నిల్వ. నా పుట్టుక గురించి ఇంతకన్నా చెప్పుకోదగ్గది లేదు. 2017లో ఖరగ్‌పూర్ గోల్ బజార్‌లో ఒకేరోజు ఒకే రకం ఫోన్లు రెండు కొన్నారు. నేను తాతకి, నా తోబుట్టువు అమ్మమ్మకి.

తాత రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరైన మనిషి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచీ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఇక్కడికొచ్చి స్థిరపడిన కుటుంబాలు ఎన్నో. తాత వాళ్లదీ అలాంటిదే. ఊరి నుంచి చుట్టాలొస్తే ఆయన ముందుగా చూపించేది స్టేషనే. 1,072.5 మీటర్ల ప్లాట్‌ఫాం. 2013లో గోరఖ్‌పూర్ దాటేదాకా ప్రపంచంలో దానికన్నా పొడవైనది లేదని గర్వంగా చెప్పి, ఆ చివర నించోబెట్టి నాతో ఫొటో తీసేవాడు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకి అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించిన రోజున ఆయన ఎంతమందికి కబురు పంపాడో! అన్నీ తెలుగులోనే, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ. ఆ రోజు నేను వేడెక్కిపోయాను, అయినా ఒక్కసారీ ఆగలేదు. నా బతుకులో నేను గొప్పగా చెప్పుకునే పని అదే.

తాత పోయాక నన్ను బీరువా అరలో పెట్టారు. పారెయ్యలేదు, వాడనూ లేదు. పక్కన పాత రేషన్ కార్డు, పగిలిన కళ్లజోడు, ఏ తాళానికి చెందినవో ఎవరికీ తెలియని చెవులు. మొదట్లో అమ్మమ్మ అప్పుడప్పుడూ తీసి చార్జింగ్ పెట్టి తాత ఫొటోలు చూసుకునేది. తర్వాత అదీ మానేసింది. చార్జింగ్ లేక బ్యాటరీ పూర్తిగా అడుగంటి, చివరికి ఉబ్బి, నా వెనక మూతని పైకి నెట్టేసింది. లిథియం బ్యాటరీ ఉబ్బిందంటే ప్రమాదమని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలిసిన నాకు నోరు లేదు. పైన పట్టుచీరలు, కింద నేను. అంటుకుంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకోలేను.

ఈలోగా అమ్మమ్మ ఫోన్‌కి కష్టమొచ్చింది. 8 జీబీలో సగం దాకా సిస్టమ్, కంపెనీ ముందే నింపిన యాప్‌లే. అవి తీసేద్దామంటే రావు. శ్రీకాకుళం నుంచి మనవరాలి పెళ్లి ఫొటోలొస్తే చోటు లేదంటుంది. అప్రెంటిస్ చేస్తున్న మనవడు దాన్ని రూట్ చేస్తానన్నాడు. రూట్ అంటే ఫోన్ మీద పూర్తి పెత్తనం, కంపెనీ కొన్నవాడికి ఇవ్వకుండా తన దగ్గర ఉంచుకున్న అధికారం. అది దక్కాలంటే ఫోన్ లేచేటప్పుడు నడిచే బూట్ ఇమేజ్ కావాలి. దాన్ని మ్యాజిస్క్ అనే యాప్‌తో సవరించి తిరిగి ఎక్కించాలి. ఆ ఇమేజ్ మామూలుగా కంపెనీ ఇచ్చే అసలు ఫర్మ్‌వేర్‌లో, అంటే ఫోన్‌ని నడిపే మూల సాఫ్ట్‌వేర్‌లో, దొరుకుతుంది. కంపెనీయే లేనప్పుడు ఇంకెక్కడిది?

కుర్రాడు తొందరపడ్డాడు. అదే మోడల్ పేరున్న ఫైలు ఎక్కడో దొరికితే ఎక్కించేశాడు. పేరొకటే అయినా, చౌక ఫోన్లలో ఒక్కో విడతకి ఒక్కో రకం తెర బిగిస్తారు. తెరని నడిపించే డ్రైవర్ ఆ ఫర్మ్‌వేర్‌లోనే ఉంటుంది. అది తెరకి సరిపోకపోయేసరికి నా తోబుట్టువు ముఖం నల్లబడిపోయింది. లోపల ప్రాణముంది, చూపు లేదు. అమ్మమ్మ తిట్టలేదు. "పోన్లే బాబూ, మీ తాతది బీరువాలో ఉంది, చూడు" అంది.

అలా బయటికొచ్చాను. ఉబ్బిన బ్యాటరీ తీసి అమ్మమ్మ ఫోన్‌ది వేశారు. మా ఇద్దరికీ ఏనాడూ ఒక్క అప్‌డేటూ రాలేదు కాబట్టి సాఫ్ట్‌వేర్ బిల్డ్ నంబరు ఒకటే. కంపెనీ పట్టించుకోకపోవడమే ఆ రోజు అక్కరకొచ్చింది. మనవడు ఈసారి నిదానంగా కూర్చున్నాడు. నన్ను ఆపేసి, వాల్యూమ్ బటన్ నొక్కిపట్టి కేబుల్ గుచ్చాడు. మీడియాటెక్ చిప్‌లో ఎవరూ మార్చలేని బూట్ రోమ్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంటుంది. ఆ ఒక్క క్షణం అది కంప్యూటర్ మాట వింటుంది. ఎంటీకే క్లయింట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ దారినే లోపలికొచ్చి నా బూట్, సిస్టమ్, ఎల్‌కే అనే బూట్‌లోడర్ విభాగాలు చదివి కాపీ చేసుకుంది. చదవడమే కాబట్టి నాలోని తాత ఫొటో ఒక్కటీ చెదరలేదు. బ్యాటరీ తిరిగి దానికే వేశాక, ఆ కాపీ నా తోబుట్టువుకి ఎక్కింది. ఎన్‌వీరామ్ మాత్రం ముట్టుకోలేదు. ఫోన్ గుర్తింపు సంఖ్య ఐఎంఈఐ ఉండేది అందులోనే, అది ఏ ఫోన్‌ది ఆ ఫోన్‌కే ఉండాలి. తెర వెలిగింది. అమ్మమ్మ ఫొటోలు ముందు కంప్యూటర్‌లోకి తీసి, ఆ తర్వాతే బూట్‌లోడర్ తాళం విప్పాడు. తాళం విప్పితే దాచుకున్నదంతా చెరిగిపోతుంది మరి. ఆపైన సవరించిన నా బూట్ ఇమేజ్ ఎక్కింది, అక్కర్లేని యాప్‌లు పోయాయి. దీనికీ ఖరీదుంది. రూట్ చేసిన ఫోన్‌ని చాలా బ్యాంకు యాప్‌లు నమ్మవు, పాత ఆండ్రాయిడ్‌కి భద్రతా సవరణలు రావు. డబ్బు లావాదేవీలు దాంట్లో పెట్టొద్దని మనవడు అమ్మమ్మకి గట్టిగా చెప్పాడు.

ఫోన్లు చేసే కంపెనీలను ఒకటే అడుగుతున్నాను. దుకాణం మూసేముందు మా ఫర్మ్‌వేర్ నలుగురికీ అందేలా పెట్టి వెళ్లండి. ఇక పాత ఫోన్ రూట్ చేయబోయే మీరు, ఎవరిదో ఫైలు ఎక్కించకముందే మీ ఫోన్‌లోంచే బూట్, ఎన్‌వీరామ్ చదివి వేరేచోట దాచుకోండి. బీరువాలో నాలాంటిది ఉంటే ఈరోజే తీసి చూడండి. బ్యాటరీ ఉబ్బి ఉంటే గుచ్చకండి, చెత్తబుట్టలో వెయ్యకండి, ఈ-వ్యర్థాలు తీసుకునేవారికి ఇవ్వండి.