ఇంటి గుట్టు దుబాయికి

దుబాయికి వాట్సాప్ మెసేజీ పోతుంది, వాయిస్ నోటూ పోతుంది. కాల్ మాత్రం కలవదు. నెట్ కాల్ కావాలంటే అక్కడి సర్కారు ఒప్పుకున్న యాప్‌లే దిక్కు. అందుకే జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో బడిపిల్లలే ఇంటి టెలిఫోన్ శాఖ. ఏ యాప్ పలుకుతుందో వాళ్లకే బాగా తెలుసు, అక్కడి గడియారం మనకంటే గంటన్నర వెనక అని కూడా.

చిక్కల్లా ఈ శాఖకు సెన్సార్ లేకపోవడమే.

"బాపూ, బర్రె ఈనింది. దూడకు నొసట సుక్క ఉన్నది. నానమ్మ బాయికాడ జారిపడ్డది, కాలుకు పట్టీ ఏసిండ్రు. గీ ముచ్చట నీకు చెప్పొద్దన్నది అమ్మ."

అమ్మ ఫోన్ గుంజుకునేలోపే రెండో వార్త: "మిత్తి కోసం సావుకారి మల్లొచ్చిండు!"

వీసా అప్పు మరి. గల్ఫ్‌కు పంపే లైసెన్సు ఏజెంటు కార్మికుడి దగ్గర తీసుకోదగ్గ రుసుం 30,000 రూపాయలు, ఆపైన జీఎస్టీ. రూలు అంతే. మిగతా లక్షలు ఏ పద్దు కింద అని అడిగి చూడండి, ఏజెంటుకు ఠక్కున సిగ్నల్ పోతుంది.

దాచడంలో బాపు మాత్రం తక్కువ తిన్నాడా? జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించొద్దని యూఏఈ సర్కారే నిషేధం పెట్టింది. అంత ఎండ. "ఎట్లున్నవ్ బాపూ?" అంటే "ఏసీల ఉన్న బిడ్డా" అంటాడు. వెనక క్రేన్ మోత.

"ఏసీ గింత సప్పుడు చేస్తదా బాపూ?"