బస్తా పడ్తదా సారూ?

మా పాలమూరుకు మహబూబ్‌నగర్ అన్న పేరు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ వల్ల వచ్చింది. ఒకసారి తొడిగిన బట్ట మళ్లీ తొడిగేవాడు కాదని ఆయనకు పేరు. హైదరాబాద్ పురానీ హవేలీలో ఆయన బట్టల బీరువా పూర్తిగా చూడాలంటే ఈ కొస నుంచి ఆ కొసకు నడుచుకుంటూ పోవాలి. అంతటి షోకులరాయుడి పేరు పెట్టుకున్న ఊళ్లో ఉంటూ, గల్లీలో అందరూ నడిపే బండే నేనూ నడపడం ఏం మర్యాదని నాకో అనుమానం పట్టుకుంది. దానికి తోడు 2025లో మా మున్సిపాలిటీ కార్పొరేషన్ అయింది. టౌనులో పడుకున్నవాణ్ని నగరంలో నిద్రలేచాను. మోరీ అదే, దోమలు అవే, నల్లా వచ్చే టైమూ అదే. మారడానికి నేనొక్కణ్నే మిగిలాను.

అట్లా స్కూటర్ కొన్నాను. 125 సీసీ. గుండ్రటి లైటు, మెరిసే అద్దాలు, సన్నటి నడుము, బొద్దుగా వెనక భాగం. కంపెనీ పేరు చెప్పను. దాపరికమేమీ లేదు. లక్షన్నర పోసి తెచ్చిన రోజు నుంచి ఈ రోజుదాకా దాన్ని ఆ పేరుతో పిలిచిన మనిషి పాలమూరులో లేడు, అందుకని. అందరికీ అది స్కూటీ. టీవీఎస్ వాళ్లు ఎప్పుడో తొంభైలలో తమ బండి ఒకదానికి పెట్టుకున్న పేరది. వనస్పతి అంతా డాల్డా అయినట్టు, మా దగ్గర గేరు లేని బండంతా స్కూటీయే. రంగుకు షోరూమ్‌లో నోరు తిరగని పేరేదో చెప్పారు. మా అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని మరీ చూసి, "పాచి పట్టినట్టున్నది బిడ్డా, జర కడిగియ్యమనకపోయినవా?" అంది.

మర్నాడు పొద్దున మెట్టుగడ్డ దగ్గర చాయ్ హోటల్ ముందు ఆపాను. ఆపడమంటే ఊరికే ఆపడం కాదు, లోపల కూచున్నవాళ్లకు పక్క నుంచి కనబడేట్టు కొంచెం వంకరగా. నలుగురు లేచి వచ్చారు. ఒకాయన సీటు నొక్కి చూశాడు. ఇంకొకాయన టైరును కాలితో తన్ని చూశాడు. ఎద్దు పళ్లు లెక్కపెట్టే చేతికి స్కూటర్ దొరికితే ఇట్లాగే ఉంటుంది.

"ఎంత పడ్డది సారూ?"

చెప్పాను. ఒక్క నిమిషం మౌనం పాటించారు.

"ఎంత ఇస్తది?"

లీటరుకు ఎన్ని కిలోమీటర్లని. నలభై దాటదని ఒప్పుకోలేక, "అదిస్తది, మంచిగనే ఇస్తది" అన్నాను. అట్లా అన్నవాడి బండి ఏమీ ఇవ్వదని వాళ్లకు తెలుసు. అప్పుడు వెనక నుంచి ఒక పెద్దమనిషి ముందుకొచ్చి, నేను కాళ్లు పెట్టుకునే జాగాను జానతో కొలిచి అసలు ప్రశ్న వేశాడు.

"బస్తా పడ్తదా సారూ?"

పట్టదు. ఆ జాగా మధ్యలో అందం కోసం ఉబ్బుగా ఉంది. బియ్యం బస్తా పెడితే మొదటి మూలమలుపులోనే పక్కకు ఒరుగుతుంది. అదీ ఇప్పటి బస్తా 26 కిలోలది. 2022లో పాతిక కిలోల దాకా ప్యాకెట్లకు జీఎస్టీ వేసినప్పుడు, ఒక్క కిలో ఎక్కువ పోసి మన వ్యాపారులు పన్నును దాటేశారు. ఆ ఒక్క కిలోతో వాళ్లు సర్కారును దాటారు గాని, నేను అప్పన్నపల్లి బ్రిడ్జి దాటలేను.

ఈ ప్రశ్న మోటుదని కొందరు నగరవాసులు అనుకోవచ్చు. (మాదీ నగరమే. పైన చెప్పాను.) స్కూటర్ పుట్టుపూర్వోత్తరాలు చూస్తే మాత్రం మోటుతనం ఎవరిదో తేలదు. ఇటలీలో పియాజియో కంపెనీ 1946లో వెస్పా చేయించింది కొర్రాదీనో దస్కానియో అనే ఇంజనీరుతో. ఆయన విమానాలు, హెలికాప్టర్ల మనిషి. మోటర్ సైకిలంటే ఆయనకు పడదు. బట్టలకు గ్రీజు అంటుతుంది, ఎక్కాలంటే గుర్రమెక్కినట్టు కాలెత్తాలి. అందుకే ఇంజన్ను రేకు కింద దాచి, ముందు ఖాళీ వదిలాడు. లంగా కట్టుకున్న ఆడమనిషి కూడా కుర్చీలో కూచున్నంత హాయిగా కూచోవాలని ఆయన ఆలోచన. 1953లో 'రోమన్ హాలిడే' సినిమాలో గ్రెగరీ పెక్, ఆడ్రీ హెప్‌బర్న్ దాని మీద రోమ్ అంతా తిరిగాక ప్రపంచం మొత్తానికి ఆ ఖాళీ అంటే ప్రేమ అని అర్థమైంది. మనకు మాత్రం గ్యాస్ బండ అని అర్థమైంది. ఆ సినిమాలో హీరో కాళ్ల మధ్య సిలిండర్ లేదు. హీరోయిన్ ఒళ్లో పిల్లవాడు, మోచేతికి కూరగాయల సంచి లేవు. రెండు గంటల సినిమాలో సరుకులు తెచ్చినవాడే లేడు. వాళ్లు ఏం తిని బతికారో ఆ డైరెక్టర్‌కే తెలియాలి.

అసలు ఇటలీ స్కూటర్‌ను సంసారంలోకి దించిన ఘనత మనదే. లాంబ్రెట్టా అని వెస్పాకు ఇటలీలోనే ఇంకో పోటీ బండి ఉండేది. అక్కడ దాని పని అయిపోయాక మిషన్లతో సహా కొనుక్కొచ్చి లక్నోలో 1972లో సర్కారు కంపెనీ పెట్టారు. దాని చలవతోనే మన హైదరాబాద్ ఆల్విన్ కూడా ఒక స్కూటర్ తీసింది. నిజాం కాలంలో 1942లో మొదలైన ఆల్విన్ చేయని వస్తువు లేదు: బస్సు బాడీలు, ఫ్రిజ్‌లు, చేతి గడియారాలు. స్కూటర్‌కు వాళ్లు పెట్టిన పేరు పుష్పక్. ఆ పేరు పెట్టినవాడెవరో గాని వాడికి దండం పెట్టాలి. ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి జాగా ఉండేది కదా పుష్పక విమానం! ముందు ఒక పిల్ల నిలబడి, వెనక భార్య, ఇద్దరి నడుమ ఇంకో పిల్లవాడు, ఆమె ఒళ్లో చంటిది. అయినా దారిలో చిన్నాయన కనబడితే, "ఎక్కు చిన్నాయనా, గడియారం దాక దింపుత" అనేవాళ్లు. నా బండి మీద ఇద్దరం ఎక్కితేనే మూడో మనిషి ఎక్కినట్టు మూలుగుతుంది.

మా గల్లీలో రిటైర్డ్ హెడ్మాస్టరు ఒకాయన ఉన్నాడు. చేతక్ స్కూటర్ కోసం ఏళ్లకేళ్లు పేరు రాయించుకుని ఎదురుచూసిన తరం. ఒక రోజు నా బండి స్టార్ట్ కాలేదు. బటన్ నొక్కుతున్నాను, ఉలుకూ పలుకూ లేదు. ఆయన పేపరు మడిచి చంకలో పెట్టుకుని గేటు తీసుకుని వచ్చాడు. "జరుగు" అన్నాడు. రెండు చేతులతో హ్యాండిల్ పట్టి, బండిని ఎడమకు బాగా వంచి, చంటిపిల్లకు ఉగ్గు పోసినట్టు ఒక్క క్షణం అట్లా పట్టుకుని, మళ్లీ నిలబెట్టాడు.

"పెట్రోలు దిగలే. ఇగ కొట్టు."

సార్, ఇది ఫ్యూయల్ ఇంజెక్షన్, ఇందులో వంచితే దిగేది ఏమీ లేదు అని చెప్దామనుకుంటూనే బటన్ నొక్కాను. స్టార్టయింది. జరిగిందేమిటంటే నేను సైడ్ స్టాండ్ తీయడం మరిచాను. స్టాండ్ దిగి ఉంటే ఇంజన్ పలకదు. ఆయన వంచడానికి ముందు కాలితో స్టాండ్ లేపాడు, అంతే. కాని గల్లీ మొత్తం చూసింది. ఆ రోజు నుంచి నేను బండి తీస్తుంటే ఎదురింటి పోరగాడు కూడా "వంచాలె అంకుల్" అంటున్నాడు.

ఎండాకాలం గురించి ఎక్కువ చెప్పను. 44 డిగ్రీల్లో నల్లసీటు మీద కూచున్నవాడికి చెప్పనక్కరలేదు, కూచోనివాడికి చెప్పినా తెలియదు. నీడ కావాలంటే మా ఊళ్లో పిల్లలమర్రి ఉంది. ఎకరాలకెకరాలు పరుచుకున్న ఏడువందల ఏళ్ల చెట్టు. దానికే చెదలు పట్టి 2018లో మనిషికి పెట్టినట్టు సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు. నా బండికి గీత పడిందని మెకానిక్ దగ్గరికి తీసుకుపోతే వాడు చుట్టూ రెండుసార్లు తిరిగి, "రంగు హైదరాబాద్‌ల దొరకాలె సారూ. గందాక దీన్ని తీస్కపోయి మర్రిచెట్టు పక్కన వండవెట్టు, దానికెక్కించిన సెలైనే ఎక్కిస్తరు" అన్నాడు.

ఇక నల్గొండ సంగతి. మా అత్తగారిది నల్గొండ. బతుకమ్మ పండుగకు మా ఆవిడను పుట్టింటికి తీసుకుపోవాలి. నా మనసులో ఉన్నది రోమ్. జడ్చర్ల, కల్వకుర్తి, కొండమల్లేపల్లి మీదుగా ఎర్రనేలలు, గుండ్ల గుట్టల నడుమ వెనక ఆమె చున్నీ ఎగురుతుంటే పోవడం. ఆమె మనసులో ఉన్నది మహాలక్ష్మి. ఆ పథకం కింద 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్‌లో, పల్లెవెలుగులో టికెట్ పైసల్లేవు.

"నాకు బస్సు ఫ్రీ. నీ స్కూటీ మీద నూటయాభై కిలోమీటర్లకు పైనే పైసలిచ్చి నడుం ఇరగ్గొట్టుకోనా?" అంది.

"స్కూటీ కాదు."

"ఏదన్న గాని."

బస్టాండ్‌లో కిటికీలోంచి దస్తీ వేసి సీటు పట్టింది. రెండు సంచులు, తంగేడు పూల మూట, మా చిన్నపాప. నేను వెనకాలే బయలుదేరాను. ఊరూరికి ముందొక స్పీడ్ బ్రేకర్, ఊరు దాటాక ఇంకొకటి. కొన్ని రోడ్ల వాళ్లు వేసినవి, కొన్ని ఊరివాళ్లు పట్టుదలతో సొంతంగా పోసుకున్నవి. నా బండి చక్రాలు చిన్నవి, కడుపు కిందికి. ప్రతి గట్టు దగ్గరా దిగి, దాని నడుము పట్టుకుని, పురిటి మనిషిని నడిపించినట్టు దాటించాను. నేను నల్గొండ గడియారం సెంటర్ చేరేసరికి ఆమె స్నానం చేసి, తిని, చుట్టాలకు నా సంగతి చెప్పడం కూడా అయిపోయింది. మామ బండి వైపు చూసి, "మంచిగుంది అల్లుడా. మా అత్తరు సీసాలు గిట్లనే ఉంటుండె" అన్నాడు. మెచ్చుకోలో వెక్కిరింతో ఇప్పటికీ తేల్చుకోలేదు.

మూడో రోజు నేనొక్కణ్నే తిరుగు ప్రయాణం. అత్తమ్మ గోనెసంచి నిండా బత్తాయిలు పోయించింది. నల్గొండకు వచ్చి బత్తాయిలు లేకుండా పోవడమంటే తిరుపతి పోయి లడ్డు తేకపోవడమే. ముందు పట్టవు గనక వెనక సీటు మీద తాడుతో కట్టాను. సీటు నున్నగా ఉంటుంది, అదీ అందానికే. దేవరకొండ రోడ్డు ఎక్కి అరగంట కాలేదు, సంచి ఎడమకు జారింది. దించి కట్టాను. కుడికి జారింది. మూడోసారి తాడే తెగింది. నాలుగు బత్తాయిలు రోడ్డు మీద దొర్లుకుంటూ పత్తిచేనులోకి పోయాయి.

టీవీఎస్ ఎక్సెల్ ఒకటి వచ్చి ఆగింది. ముందు యూరియా బస్తా. దాని మీద ఐదేళ్ల పిల్ల హ్యాండిల్ నడుమ పట్టుకుని దర్జాగా కూచుంది. వెనక భార్య, ఆమె పక్కన కోళ్ల గంప, గంపకు వేలాడుతూ పాలక్యాను. ఇంజన్ 100 సీసీ కూడా లేదు. నాదాంతో పోలిస్తే పాతిక తక్కువ.

"ఏమాయె సారూ?"

చూపించాను. దిగి నా సీటు మీద అరచేయి పెట్టి రుద్దాడు. "గిది నున్నగున్నది, ఆగది" అన్నాడు. తన సీటు కింది నుంచి పాత సైకిల్ ట్యూబు నిలువునా కోసిన పట్టీ తీశాడు. నా సంచిని యూరియా బస్తా పక్కన ఇరికించి, ఆ రబ్బరును రెండు చుట్లు తిప్పి, పళ్లతో లాగి ముడేశాడు. పిల్ల కొంచెం జరిగింది, అంతే.

"ఏడిదాక సారూ?"

"పాలమూరు."

"నేను కొండమల్లేపల్లి దాక వోత. ఆడ బస్సుల ఏద్దువు. రా ఎనుకంగ."

అతను కదిలాడు. స్పీడ్ బ్రేకర్ వస్తే ఆగడు, లేచి నిలబడి దాటిస్తాడు. నేను దిగి దాటిస్తాను. ఆ పిల్ల వెనక్కి తిరిగి నన్ను చూస్తూ ఒక బత్తాయి తీసి ఒలవడం మొదలుపెట్టింది. వాళ్లమ్మ గదమాయించబోతే నేను పర్వాలేదన్నట్టు చెయ్యి ఊపాను. చెయ్యి ఊపడానికి మాత్రం నా బండి మీద బోలెడు వీలుంది. కొండమల్లేపల్లి దాకా నా బత్తాయిల వెనకాలే పోయాను.