కుడి ముందు చక్రం బేరింగుకి బహిరంగ లేఖ

ఏమయ్యా బేరింగూ,

ముందు నీ దొంగనాటకం సంగతి తేల్చుకుందాం. స్పీడు నలభై దాటగానే ‘ఊఁ…’ అని అందుకుంటావు, అరవైకి శ్రుతి పెంచుతావు. తిట్లు మాత్రం టైర్లకి. ఫోర్ వీల్ డ్రైవ్ పికప్పు కదా, లోతు గళ్ళ టైర్లు కదా, ఆ మాత్రం మోత ఉంటుందిలే అని అందరూ సర్దుకుపోతుంటే, ఆ చాటున నువ్వు హాయిగా అరుగుతూ కూర్చున్నావు.

నిన్ను పట్టిచ్చింది మారేడుమిల్లి ఘాటు. ఎడమ మలుపు వచ్చినప్పుడల్లా మోత పెరిగింది, కుడి మలుపుకి తగ్గింది. బండి ఎడమకి తిరిగితే బరువంతా కుడి చక్రం మీదికి ఒరుగుతుంది మరి. టైరు మోతైతే రోడ్డు మారినప్పుడు మారుతుంది గానీ మలుపు మలుపుకీ ఇలా రాగాలు తీయదు. జాకీ ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే టకటకమంది. తప్పు బాల్ జాయింటు మీదికి నెట్టేద్దామనుకున్నావేమో! కుర్రాడి చేత బ్రేకు తొక్కించి మళ్ళీ ఊపితే ఆ టకటక మాయమైంది. బాల్ జాయింటుదైతే అలా పోదు. ఇంక నీకు దారేదీ?

హబ్బు విప్పి చూస్తే గ్రీజు పాలు కలిపినట్టు తెల్లబారి ఉంది. ఇక్కడ నీ తరఫున కూడా ఒక మాట చెప్పాలి. ఘాటు దిగేసరికి బ్రేకుల వేడికి హబ్బు కాలిపోతుంటుంది. అదే ఊపులో వాగులోకి దింపుతాం. చన్నీళ్ళు తగలగానే లోపలి గాలి ముడుచుకుని, అరిగిన సీలు సందులోంచి నీళ్ళని లోపలికి పీల్చేస్తుంది. వాగు ముందు కాసేపు బండి ఆపమంటే ఏ డ్రైవరు వింటాడు? సరుకు సంతకి అందాలి.

నీ వంశం తక్కువదేం కాదు. గుర్రపు బళ్ళు తయారుచేసే హెన్రీ టిమ్కెన్ 1898లో అమెరికాలో నీ ఏటవాలు రోలర్లకి పేటెంటు తీసుకున్నాడు. పైనుంచి పడే బరువునీ, మలుపులో పక్కనుంచి వచ్చే తోపునీ ఒక్కటే మోయాలని ఆ ఏర్పాటు. అంత ఘనత ఉన్నవాడివి, ఒక రబ్బరు సీలు ఓడితే నువ్వూ ఓడిపోతావా?

సరే, నీ స్థానంలోకి కొత్త సెట్టు వస్తోంది. రోలర్లున్న కోన్ ఒక్కటే మార్చి, అది కూర్చునే పాత కప్పు ఉంచేసే బేరం ఇక్కడ సాగదు. నీ రోలర్లు పొడిచిన గుంటలు ఆ కప్పులో వేలికి తగులుతూనే ఉన్నాయి. కొత్త కప్పుని ఇత్తడి కడ్డీతో చుట్టూ సమంగా కొట్టి దించుతాం. దిగుతున్నంతసేపూ ఖంగుమంటుంది, అడుక్కి ఆనగానే దెబ్బ చప్పుడు బరువుగా మారుతుంది. అప్పుడు సుత్తి ఆపాలి. గ్రీజు పైపైన పూయడం కాదు, అరచేతిలో వేసుకుని కోన్ వెడల్పు వైపు ఒత్తుతూ, అవతలి సన్నపు వైపు రోలర్ల మధ్యనుంచి పైకొచ్చేదాకా పట్టించాలి. సీలు కొత్తది, మరో మాట లేదు.

ఇక నట్టు. ‘గట్టిగా ఉంటే మంచిది’ అని బలమంతా చూపించే చేతులే నీళ్ళ తరవాత నీ జాతికి రెండో శత్రువులు. ముందు బిగించి, కప్పులూ కోన్లూ కుదురుకునేలా హబ్బుని అటూ ఇటూ తిప్పి, మళ్ళీ వదులు చేసి, కంపెనీ పుస్తకంలో ఉన్నంతే బిగించాలి. పైన లాకు వాషరు పెట్టి రెండో నట్టు వేశాక ఇంకోసారి తిప్పి చూడాలి, ఆ రెండో నట్టు బిగింపుకి మొదటిది కదిలిపోతుంటుంది. ఉలితో నట్టు కొట్టే షెడ్డుల్లో ఇవేం జరగవు. అక్కడ మాత్రం నువ్వు ఎంత ఏడ్చినా నీ తప్పు లేదు.

నువ్వు ఇవాళే తుక్కు డబ్బాలోకి వెళ్తున్నావు. పోతూ పోతూ ఎడమ హబ్బులో ఉన్న మీవాళ్ళకి కబురు చెప్పు. వాళ్ళు దిగిన వాగూ అదే, ఆదివారం వాళ్ళనీ విప్పుతున్నాం.

ఇట్లు,
నీ మోత విని విసిగిన బండి ఓనరు